మనవరాలి పాలగ్లాసు, నా ఆముదం సీసా

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో ఎటూ కాని గంట ఒకటి ఉంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కానీ గాలి ఎక్కడికి పోతోందో తెలీదు. కొబ్బరాకుల నీడ కిటికీలోంచి దిగి గచ్చు మీద మెల్లగా పాకుతూ వస్తుంది. పోయిన వేసవిలో ఆ గంటంతా నేను చాప మీద కూర్చుని, ఐదేళ్ళ మా మనవరాలిని ముందు పడుకోబెట్టుకుని, దాని పొట్టకి ఆముదం రాస్తూ గడిపాను. గరిటెలో వేసి గోరువెచ్చగా కాచిన ఆముదం. కుడిపక్క నుంచి పైకి, పైనుంచి అడ్డంగా, అక్కణ్ణుంచి ఎడమపక్కకి కిందికి. చెయ్యి అలా గుండ్రంగా తిరుగుతుంటే దానికి నిద్ర ముంచుకొచ్చేది. దాన్ని చూసి నాకూ వచ్చేది. చెయ్యి మాత్రం తన దారిన తాను తిరుగుతూనే ఉండేది.

ఎందుకు రాసేదాన్నంటే, దానికి విరేచనం అయ్యేది కాదు. నాలుగు రోజులు, ఐదు రోజులు, ఒకసారి వారం. పుస్తకాల్లో దీన్ని మలబద్ధకం అంటారు. మా కోనసీమ వాళ్ళం మర్యాదస్తులం కదా, అసలు పేరే పెట్టం. "అయ్యిందాండీ?" అని ఊరుకుంటాం. ఏది అన్నది ఎదుటివాళ్ళే తెలుసుకోవాలి. ఆ వేసవిలో రోజుకి పదిసార్లు నేను ఆ ఒక్క మాటే అడిగాను. అది పదిసార్లూ తల అడ్డంగా ఊపింది.

దాని తల్లి, అంటే నా కూతురు, కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. వెళ్ళి రెండేళ్ళవుతోంది. అల్లుడు ఉప్పలగుప్తం అవతల రొయ్యల చెరువుల మీద ఉంటాడు, ఆదివారం పూట వస్తాడు. మిగతా వారమంతా ఇంట్లో మేమిద్దరమే, ఒక ముసలీ ఒక పిల్లా. ఒకరి జడ ఒకరం వేసుకుంటాం. దాని చేతిలో పడ్డ నా జడ చూసి పక్కింటి వదినగారు నవ్వుతారు.

రెండు మూడు నెలలకోసారి అక్కణ్ణుంచి ఎవరో ఒకరు ఊరికి వస్తూ మా అమ్మాయి పంపిన అట్టపెట్టె తెస్తారు. దాని మీద మా ఇంటి పేరు లావు అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ పెట్టె విప్పడం మా వీధిలో చిన్న పండగ. సబ్బులు, తలనొప్పి బామ్, చాక్లెట్లు, రెండు పెద్ద ఖర్జూరం డబ్బాలు, నాలుగు పాలపొడి డబ్బాలు. ఖర్జూరాలు పంచాలి. అది ఎవరు పెట్టిన రూలో తెలీదు కానీ గల్ఫ్ పెట్టె వచ్చిన ప్రతి ఇంట్లోనూ అంతే. పళ్ళెంలో పెట్టి, మీద గుడ్డ కప్పి, ఇంటింటికీ పట్టుకెళ్ళాలి. స్కూలు టీచరుగారికి, ఆటో అతనికి, పాలు పోసే ఆమెకి, అందరికీ ఇచ్చాను. ఇంట్లో ఒక్కటి మిగల్లేదు. పాలపొడి మాత్రం ఎవరికీ పెట్టను. అది పాపది. వాళ్ళమ్మ పాప కోసం పంపింది.

కూతురు నాలుగున్నరకి వీడియో కాల్ చేస్తుంది. అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. వాళ్ళ మేడం భోంచేసి పడుకునే వేళ. పాప అప్పటికి పాలగ్లాసు పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. ఫోన్లో తల్లి మొహం కనపడగానే గటగటా తాగి, గ్లాసు బోర్లించి, ఒక్క చుక్క కూడా రాలదని చూపిస్తుంది. "నా బంగారమే! మొత్తం తాగేసేవా?" అంటుంది అది అక్కణ్ణుంచి. ఇది పై పెదవి మీద తెల్ల మీసంతో నవ్వుతుంది. రెండేళ్ళుగా తల్లీ కూతుళ్ళ మధ్య ప్రేమంటే ఈ గ్లాసే. అందుకని నేను కూడా ఏ లోటూ చెయ్యలేదు. పొద్దున్న ఒక గ్లాసు, స్కూలు నుంచి రాగానే ఒకటి, ఫోను ముందు ఒకటి. అన్నం తిననని మారాం చేస్తే ఇంకొకటి.

ఇక్కడ నేనొక సిగ్గుమాలిన సంగతి చెప్పాలి. నేను ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీలో పనిచేశాను. ఊళ్ళో తల్లుల్ని వరసగా కూర్చోబెట్టి ఏ వయసు పిల్లకి ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో గోడ మీద బొమ్మలు చూపించి చెప్పినదాన్ని. చెప్పిన మాట వినని కోడళ్ళని నలుగురిలో కడిగేసినదాన్ని. దీపం కింద చీకటని ఊరికే అనలేదు.

మొదట్లో నేనేమీ భయపడలేదు. చిట్కాలకేం కరువు! పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు, రాత్రి నానబెట్టిన కిస్మిస్, ముగ్గిన బొప్పాయి, పప్పులో బచ్చలాకు. పక్కింటి వదినగారు తమలపాకు కాడకి ఆముదం రాసి కిందనుంచి పెట్టమన్నారు. చంటిపిల్లలకి మా అమ్మ కూడా అలాగే చేసేది. కానీ ఐదేళ్ళ పిల్ల చంటిపిల్లేం కాదు, తమలపాకు చూడగానే పెరట్లోకి పారిపోయి కొబ్బరిచెట్టుని వాటేసుకుంది. "వద్దమ్మమ్మా, వద్దు," అని ఒకటే ఏడుపు. తమలపాకు నేనే నమిలేసి ఊరుకున్నాను.

తరవాత అరటిదూట. గెల కొట్టేసిన చెట్టుని నరికి, పొరలన్నీ ఒలిచి, లోపలి తెల్లటి దూట తీసి చక్రాల్లా తరగాలి. తరిగేటప్పుడు చక్రానికీ చక్రానికీ మధ్య సన్నటి నార సాగుతుంది. దాన్ని వేలికి చుట్టుకుంటూ పోవాలి. ముక్కలు నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వెయ్యాలి. పాప పక్కన కూర్చుని నార తన వేలికి చుట్టమనేది. ఉంగరమట. నా వేలి నుంచి దాని వేలికి నార మారుస్తూ, కత్తిపీట ముందు కూర్చుని మేమిద్దరం ఎంతసేపు గడిపేవాళ్ళమో తెలీదు. ఉడికించి పిండి, ఆవ పెట్టి పోపు వేస్తే ఆ కూరకి మళ్ళీ మాట లేదు. కానీ అది రెండు ముద్దలు తిని "పొట్ట నిండిపోయింది," అనేది. నిండదా మరి, మూడు గ్లాసులు పోసి ఉంచితే! అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాలవలు కట్టేశారు. ఏటా వేసవిలో కట్టేసి పూడిక తీస్తారు. మా ఇంటి ముందు కాలవ అడుగు తేలి, బురద ఎండి, బీటలు తీసింది. "బయట కాలవా కట్టేసేరు, లోపల నువ్వూ కట్టేసేవు, నేనెక్కడికి పోవాలే?" అని పాపతో హాస్యమాడేదాన్ని. అది నవ్వేది. కానీ నొప్పి వచ్చినప్పుడు నవ్వేది కాదు. తలుపు వెనక్కి వెళ్ళి, కాళ్ళు మెలిపెట్టి, మునివేళ్ళ మీద నిలబడి, మొహం ఎర్రగా చేసుకుని, వచ్చేదాన్ని లోపలికి బిగబట్టేది. వెళ్ళు, వెళ్ళి కూర్చో అంటే "నొప్పెడుద్ది," అనేది. ఒకరోజు కోపం ఆపుకోలేక, చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోనట్టుంది నీ వ్యవహారం అని అరిచాను. అది బిక్కమొహం వేసింది. ఆ మాట నేనెందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

కూతురికి మాత్రం చెప్పలేదు. అంత దూరంలో ఉన్నదాన్ని కంగారు పెట్టడమెందుకని. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుందామా అనిపించింది. కానీ గుడి చుట్టూ తిరుగుతూ స్వామికి ఏమని చెప్పుకోను? పెళ్ళిళ్ళు, ఉద్యోగాలు అడిగే జనం మధ్యలో నిలబడి ఈ మాట అడగడానికి నోరెలా వస్తుంది? మొక్కు మానేశాను.

వారం దాటిన రోజున ఎలాగో కూర్చుంది. గట్టిగా అరిచింది. చూస్తే నెత్తురు. అప్పటికప్పుడు ఆటో పిలిచి అమలాపురంలో పిల్లల డాక్టరుగారి దగ్గరకి తీసుకెళ్ళాను. చిన్న కుర్రాడే, నెమ్మదిగా మాట్లాడాడు. పొట్ట నొక్కి చూసి, నెత్తురు గట్టిదనానికి చిరిగి వచ్చిందే తప్ప భయం లేదని చెప్పి, తిండి సంగతి అడిగాడు.

"పాలెన్ని తాగుద్దండీ పాప?"

"మూడు గ్లాసులండి. ఒక్కోరోజు నాలుగండి," అన్నాను. గొప్పగానే అన్నాను.

"చిక్కగానేనాండీ?"

"చెంచా నిలబడుద్దండి."

ఆయన కలం కింద పెట్టి నా మొహం చూశాడు. ఏమీ అనకముందే నాకు అర్థమైపోయింది. అంగన్‌వాడీ గోడ మీద బొమ్మలన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. పాలొకటే పోస్తే పిల్ల అన్నం తినదు, పొట్ట గట్టిపడుతుందమ్మా అని ఎంతమంది తల్లులకి చెప్పానో! ఆయన చాలా మర్యాదగా, "ఒక్క గ్లాసుకి తగ్గించండమ్మగారూ, అదీ పల్చగా. పళ్ళు, ఆకుకూరలు, నీళ్ళు ఎక్కువ పెట్టండి. నొప్పికి భయపడి ఆపుకుంటోంది, ఆపుకున్నకొద్దీ ఇంకా గట్టిపడుద్ది. ఆ భయం పోయేదాకా ఈ మందు పొయ్యండి. రోజూ భోజనమయ్యాక కాసేపు కూర్చోబెట్టండి, కాళ్ళ కింద పీట వెయ్యండి," అన్నాడు. తరవాత, "ఖర్జూరాలుంటే నానబెట్టి పెట్టండి, మంచిది," అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒకే పెట్టెలో జబ్బూ మందూ రెండూ వచ్చాయి. మందుని వీధంతా పంచేసి, జబ్బుని చెంచా నిలబడేలా కలిపి పిల్లకి పట్టాను. ఆ నెల మా వీధిలో అందరికీ సుఖంగా అయ్యే ఉంటుంది.

ఇంటికొచ్చి పాపకి చెప్పాను, ఇంక పాలు పొద్దున్న ఒక్కసారే, సాయంత్రం లేవని. అది ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"మరి అమ్మకి ఏం చూపించను?"

పాలు మానడం చిటికెలో పని. ఆ గ్లాసు మానడం ఎలా? అది గ్లాసు బోర్లించకపోతే అక్కడ తల్లి మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు. నువ్వు పంపే పాలే పిల్లకి పడలేదని చెప్తే దానికి ఇంకేం మిగులుతుంది? కన్నపిల్లని వదిలి ఇంకొకరి పిల్లలకి పాలు కలుపుతోంది. తన పిల్లకి కలిపేది ఆ డబ్బా ఒక్కటే. నేను చెప్పలేకపోయాను.

అందుకని దొంగపని చేశాను. పల్చటి మజ్జిగ అదే గ్లాసులో పోసి చేతికిచ్చాను. పాప గడుసుది, ఏమీ అడగలేదు. ఫోను ముందు గటగటా తాగేసి గ్లాసు బోర్లించింది. "నా బంగారమే," అంది తల్లి. అలా నాలుగు రోజులు గడిచాయి. ఈలోగా బొప్పాయి, దూట కూర, అంగట్లో కొన్న ఖర్జూరాలు, మందు, మధ్యాహ్నం పూట ఆముదం. ఐదో రోజు పొద్దున్న పాప పీట మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుని, కాసేపటికి లోపలి నుంచి, "అమ్మమ్మా, నొప్పెట్టలేదు!" అని కేకేసింది. నేను గుమ్మం బయట గోడకి చేరగిలబడి అలాగే నిలబడిపోయాను. పెరట్లో ఎండ పసుప్పచ్చగా ఉంది. ఉడత కొబ్బరిపిందె కొరికి కింద పారేసింది. నాకు ఎక్కడికో తేలిపోతున్నట్టు అనిపించింది.

ఆ సంతోషంలో సాయంత్రం మజ్జిగలో ఉప్పూ కరివేపాకూ వేసి కలిపాను. అలవాటు కదా! పాప తాగి, గ్లాసు బోర్లించి, నవ్వింది. తల్లి ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అమ్మా, పాలలో కరివేపాకేంటే?"

పాప పెదవి మీద పచ్చటి ముక్క అతుక్కుని ఉంది. ఇంక దాచేదేముంది? అంతా చెప్పాను. నెత్తురు సంగతి, డాక్టరు సంగతి, డబ్బాల సంగతి. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అది వెనక్కి తిరిగి తలుపు చూసుకుని, గొంతు బాగా తగ్గించి, "నాకూ అంతేనే అమ్మా," అంది.

"ఏంటే?"

"నాకూ అవ్వదు. వచ్చినకాడి నించీ అంతే. ఐదింటికి లేస్తే పని మొదలు. లోపలికెళ్ళి కూర్చుంటే పేరు పెట్టి పిలుస్తానే ఉంటారు. సగంలో లేచి వచ్చేస్తాను. ఇప్పుడింక రానే రాదు. ఒక్కోసారి వారం కూడాను."

ఫోన్లో దాని మొహం ఉబ్బుగా కనిపిస్తుంటే, ఒళ్ళు చేసింది, తిండి బాగా పెడుతున్నారని నేను వీధంతా చెప్పుకున్నాను. నాకు ఒళ్ళు మండింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అని కసిరాను.

"నువ్వు పాప సంగతి చెప్పేవా?" అంది.

మాట మార్చి, "ఆ దేశం నిండా ఖర్జూరాలే కదే, నాలుగు నానబెట్టుకుని తినకూడదా?" అన్నాను.

"అవి మీకు పంపడానికి కొంటానమ్మా," అంది. తను తినొచ్చని దానికి ఎప్పుడూ తోచనే లేదు.

పై వారంలో వెనక వీధి ఆయన కువైట్ వెళ్తున్నాడని తెలిసి, ఇంట్లో కాచిన ఆముదం సీసాలో పోసి, మూత చుట్టూ టేపు వేసి, మూడు కవర్లలో కట్టి తీసుకెళ్ళాను. ఎప్పుడూ అట్నుంచి ఇటు రావడమే కానీ, ఇట్నుంచి అటు ఒక వస్తువు వెళ్ళడం అదే మొదలు. "ఇందులో ఏముందండీ?" అని అడిగాడు. "ఆముదమండీ, మా అమ్మాయికండి," అన్నాను. "ఆయ్, తప్పకుండా ఇస్తానండీ," అన్నాడు. ఎందుకని అడగలేదు. సీసా తన బట్టల మధ్యన పెట్టుకున్నాడు.

సీసా చేరిన మర్నాడు పాప కాల్ కోసం చాప పరిచి తనే పడుకుంది. ఫోను దిండుకి ఆనించి పెట్టాను. అటు కూతురు బట్టలుతికే మిషను పక్కన తన చిన్న గదిలో, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. ఇటు నేను పాప పొట్ట మీద చెయ్యి తిప్పుతుంటే, అటు అది చూస్తూ తన పొట్ట మీద తిప్పుకుంటోంది. మొదట్లో తిరగేసి రాసుకుంది. "అటు కాదే మొద్దూ, కుడిపక్క నించి పైకి," అన్నాను. సర్దుకుంది. చిన్నప్పుడు పలక మీద అక్షరం దిద్దేటప్పుడు కూడా ఇలాగే నాలిక బయట పెట్టేది. ఫ్యాను తిరుగుతోంది. నీడ చాప అంచుదాకా వచ్చింది. పాప కళ్ళు మూసుకునే తన చెయ్యి కూడా నా చేతి వెనకే తిప్పుతోంది. కొంతసేపటికి మూడు చేతులూ ఒకే చోట తిరుగుతున్నట్టూ, కువైటూ మా ఇల్లూ ఒకటే అయినట్టూ నాకు మగతగా తోచింది.

అప్పుడు పాప కళ్ళు తెరిచి, "అమ్మా, నాకు అమ్మమ్మ రాస్తోంది. నీకెవరు రాస్తారు?" అంది.

"నేనే రాసుకుంటానమ్మా," అంది అది.

పాప లేచి కూర్చుని, తన నూనె చెయ్యి ఫోను మీద పెట్టి గుండ్రంగా తిప్పింది. అద్దమంతా జిడ్డయిపోయి నా కూతురు మొహం కనపడటం మానేసింది. నేను కొంగుతో ఫోను తుడిచాను, అదే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆముదం కళ్ళలో పడి ఇంకాస్త మండింది.

ఆ రోజు నుంచి నాలుగున్నరకి గ్లాసు బోర్లించే పని తల్లిది. వేణ్ణీళ్ళు తాగి, బోర్లించి చూపిస్తుంది. నానబెట్టిన ఖర్జూరాలు నోరు తెరిచి చూపిస్తుంది. పొద్దున్న నాలుగున్నరకే లేచి, ఇంట్లో వాళ్ళు లేవకముందే పావుగంట తనకి ఉంచుకోమని చెప్పాను. "అయ్యిందా?" అని పాప అడుగుతుంది. అది తల అడ్డంగా ఊపుతుంది. "అవుద్దిలేమ్మా, నాక్కూడా అయ్యింది కదా," అని ఇది ధైర్యం చెబుతుంది.

కాలవలకి నీళ్ళు వదిలిన వారంలో నేను అమలాపురం బజారు చూసుకుని ఆటోలో వస్తున్నాను. ఒళ్ళో సంచి, సంచిలో పాపకి బొప్పాయి. ఆటో నిండా జనం. ఫోను మోగింది, కూతురు వాయిస్ పంపింది. నాకు నొక్కడం ఒకటే వచ్చు, చెవి దగ్గర పెట్టుకునే సంగతులు రావు. నొక్కాను. ఆటో అంతా వినపడేలా, "అమ్మా, అయ్యిందే! హాయిగా అయ్యింది. పాపకి చెప్పు," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలీలేదు.

ఎదురుగా కూర్చున్నావిడ, "మీ అమ్మాయిగారాండీ?" అని అడిగింది.

"ఆయ్, మా అమ్మాయేనండి. కువైట్‌లో ఉందండి," అన్నాను. సంచి మీద తల వంచుకుని ఏడ్చేశాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి, "మంచి కబురే కదండీ, ఊరుకోండి," అంది. డ్రైవరు పాట ఆపాడు. పక్కనాయన కాస్త జరిగి నాకు చోటిచ్చాడు. మా వైపు వాళ్ళు కదా, ఏది అయ్యిందని ఎవరూ అడగలేదు.